ఒకే బిళ్లలో రెండు మందులు: షుగర్ మాత్ర వెనక 80 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో నానమ్మకో షుగర్ ఉంటే, వాళ్లు వేసుకునే మాత్రల స్ట్రిప్ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పండి. ముందు వైపు పెద్దగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేర్లు చదవండి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని ఉండొచ్చు. సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ అని ఉండొచ్చు. కొన్నిటి మీద మూడు పేర్లు కూడా ఉంటాయి.

మనం చేసే పని ఏంటి? ఆ స్ట్రిప్ ఫోటో తీసి మెడికల్ షాపు అన్నకి వాట్సాప్‌లో పంపుతాం, "ఇవే ఒక నెలకి ఇవ్వండి" అంటాం. అయిపోయింది. ఆ రెండు పేర్లు ఒక బిళ్లలోకి ఎలా వచ్చి చేరాయి, వాటి పక్కన ఉన్న జాగ్రత్తలు ఎవరు రాశారు అని ఎప్పుడూ అడగం.

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ కథే. ముందే ఒక మాట చెప్పేస్తా. షుగర్ మందులకి ఉన్న ప్రతి జాగ్రత్త వెనకా ఎక్కడో ఒకచోట, ఎవరికో ఒకరికి జరిగిన నష్టం ఉంది. భోజనం మానితే ఈ బిళ్ల వేసుకోవద్దు అని డాక్టర్ అన్నారంటే, కిడ్నీ టెస్ట్ చేయించండి అన్నారంటే, దానికి ఒక తేదీ ఉంది, ఒక ఊరు ఉంది. ఆ చరిత్ర తెలిస్తే జాగ్రత్త దానంతటదే గుర్తుంటుంది.

మోంపెలియే, 1942

ఫ్రాన్స్ దక్షిణాన మోంపెలియే అనే ఊరు. 1942, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జనానికి తిండి సరిగ్గా లేదు. కలుషితమైన నత్తలు, ఆల్చిప్పలు తిని చాలామందికి టైఫాయిడ్ వచ్చింది. మార్సెల్ జాన్‌బాన్ అనే డాక్టర్ వాళ్లకి సల్ఫా జాతికి చెందిన ఒక కొత్త మందు ఇచ్చి చూశాడు. దానికి ఇంకా సరైన పేరు కూడా లేదు, 2254 ఆర్‌పీ అని ఒక నంబర్ అంతే.

మందు వేసుకున్నవాళ్లలో కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరు స్పృహ తప్పారు, కొందరు చనిపోయారు. రక్తం పరీక్ష చేస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. జాన్‌బాన్ ఈ సంగతి అదే ఊళ్లో ఉన్న ఆగస్టే లూబాతియేర్ అనే పరిశోధకుడికి చెప్పాడు. ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేసి తేల్చింది ఇది: మామూలు కుక్కకి ఇస్తే షుగర్ తగ్గుతోంది. క్లోమం, అంటే పాంక్రియాస్, తీసేసిన కుక్కకి ఇస్తే ఏమీ కావట్లేదు. అంటే ఈ మందు క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ బయటికి తోయిస్తోంది.

టైఫాయిడ్ కోసం తయారైన మందు దారితప్పి షుగర్ మందు అయింది. యుద్ధం వల్ల ఆ పని అక్కడితో ఆగినంత పనైంది. 1950ల్లో బెర్లిన్‌లో ఇంకో సల్ఫా మందుతో మళ్లీ ఇదే జరిగింది. ఆ తర్వాత టోల్బుటమైడ్ మార్కెట్లోకి వచ్చింది. మన ఇళ్లల్లో ఉన్న గ్లిబెంక్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ అన్నీ ఆ వంశానివే. వీటిని సల్ఫొనైల్‌యూరియాలు అంటారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఈ మందు క్లోమాన్ని తట్టేటప్పుడు "మీరు అన్నం తిన్నారా లేదా" అని అడగదు. తిన్నా తినకపోయినా ఇన్సులిన్ తోస్తుంది. 1942లో తిండి లేని రోగుల్లో కనిపించిన ప్రమాదమే, ఇవాళ ఏకాదశి ఉపవాసం రోజు పొద్దున్నే బిళ్ల వేసుకుని ఏమీ తినని మన బామ్మల్లోనూ కనిపిస్తుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం. మందు మారింది, డోసు మారింది, అది పనిచేసే పద్ధతి మాత్రం మారలేదు.

ఒక కలుపు మొక్క, ఇద్దరు అన్నదమ్ములు

రెండో పేరు మెట్‌ఫార్మిన్. దీని మూలం యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్క. పాత రోజుల్లో నాటు వైద్యంలో వాడేవాళ్లు, కానీ పశువులు ఎక్కువ మేస్తే చచ్చిపోయేవి. ఆ మొక్కలో గ్వానిడిన్ జాతి పదార్థాలు ఉన్నాయి. గ్వానిడిన్ షుగర్ తగ్గిస్తుందని 1918లోనే తెలిసింది. దాన్నుంచి 1920ల్లో జర్మనీలో సింథాలిన్ అనే మందు తీశారు. అది లివర్‌ని, కిడ్నీలని దెబ్బతీస్తోందని పక్కన పెట్టారు. అప్పటికే ఇన్సులిన్ కూడా వచ్చేసింది కాబట్టి వీటిని అంతా మర్చిపోయారు.

మెట్‌ఫార్మిన్‌ని 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు, కానీ ఎవరూ వాడలేదు. 1950 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో యూసేబియో గార్సియా అనే డాక్టర్ దాన్ని ఫ్లూ జ్వరానికి వాడాడు. ఆ రిపోర్ట్ పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ కంట్లో పడింది. 1957లో ఆయన దాన్ని షుగర్ రోగులకి ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. ఇది క్లోమాన్ని తట్టదు. లివర్ రాత్రంతా తయారుచేసి రక్తంలోకి వదిలే గ్లూకోజ్‌ని తగ్గిస్తుంది. అందుకే ఇదొక్కటే వేసుకునేవాళ్లకి షుగర్ మరీ పడిపోవడం అరుదు.

అయితే అదే ఏడాది అమెరికాలో దీని అన్న లాంటి మందు ఇంకోటి వచ్చింది, పేరు ఫెన్‌ఫార్మిన్. మెట్‌ఫార్మిన్ కంటే ఘాటైనది, డాక్టర్లకి బాగా నచ్చింది. కానీ కొందరిలో, ముఖ్యంగా కిడ్నీ, గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయేది. అలా జరిగినవాళ్లలో దాదాపు సగం మంది బతకలేదు. 1977లో అమెరికా ప్రభుత్వం దీన్ని తక్షణ ప్రమాదంగా ప్రకటించి మార్కెట్ నుంచి తీయించింది. మన దేశంలో నిషేధించింది ఎప్పుడో తెలుసా? 2003 అక్టోబర్‌లో. మధ్యలో పాతికేళ్లు!

అన్న చేసిన పనికి తమ్ముడికి కూడా చెడ్డపేరు వచ్చింది. యూరప్‌లో 1950ల నుంచీ వాడుతున్న మెట్‌ఫార్మిన్‌ని అమెరికా 1994 డిసెంబర్ దాకా ఒప్పుకోలేదు. అది ఒంట్లో విరగకుండా నేరుగా కిడ్నీ ద్వారా బయటికి పోతుంది. కిడ్నీ బాగుంటే ఇబ్బంది చాలా తక్కువ. కిడ్నీ పాడైతే మందు లోపలే మిగిలిపోతుంది. మీ రిపోర్ట్‌లో ఈజీఎఫ్‌ఆర్ అని ఒక నంబర్ ఉంటుంది కదా, అది 30 కంటే తక్కువైతే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 30కీ 45కీ మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు, అప్పటికే వాడుతుంటే డాక్టర్ మళ్లీ ఆలోచిస్తారు. ఏడాదికి ఒకసారైనా కిడ్నీ టెస్ట్ అని డాక్టర్ గొడవపెట్టేది అందుకే. ఆ టెస్ట్ వెనక ఫెన్‌ఫార్మిన్ కథ ఉంది.

షుగర్ తగ్గితే మనిషి బతుకుతాడా?

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. మందు షుగర్ నంబర్ తగ్గిస్తుంది, సరే. మరి గుండెపోటు తగ్గిస్తుందా? ప్రాణం కాపాడుతుందా?

ఇది తేల్చడానికి అమెరికాలో 1961లో యూజీడీపీ అనే స్టడీ మొదలైంది. 1970లో ఫలితం వచ్చాక పెద్ద దుమారం రేగింది. టోల్బుటమైడ్ వేసుకున్న 204 మందిలో 26 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 205 మందిలో అలా చనిపోయింది 10 మంది. షుగర్ తగ్గించే మందు వేసుకున్నవాళ్లే ఎక్కువ మంది పోయారు. డాక్టర్లు రెండు వర్గాలుగా చీలిపోయారు, కోర్టు కేసులు నడిచాయి. ఆ స్టడీ చేసిన తీరు మీద వాదన చాలా ఏళ్లు సాగింది. ఆ హెచ్చరిక మందు కాగితం మీదకి ఎక్కింది 1984లో.

దీనికి సరైన జవాబు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. యూకేపీడీఎస్ అనే స్టడీ 1977లో మొదలై 20 ఏళ్లు నడిచింది. కొత్తగా షుగర్ బయటపడిన 5,102 మందిని తీసుకున్నారు. 1998లో ఫలితాలు వచ్చాయి. షుగర్‌ని అదుపులో ఉంచితే కంటికి, కిడ్నీకి వచ్చే నష్టం తగ్గుతుందని తేలింది. బరువు ఎక్కువున్నవాళ్లలో మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టిన 342 మందికి, మామూలు ఆహార నియమం మీదే ఉన్నవాళ్లతో పోలిస్తే, షుగర్ సంబంధిత మరణాలు 42 శాతం తగ్గాయి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు అందరి చీటీల్లో మొదటి మందుగా నిలబడింది ఈ ఫలితం వల్లే.

అదే స్టడీ ఇంకో నిజం కూడా బయటపెట్టింది. ఒక్క మందుతో మొదలుపెట్టినవాళ్లలో మూడేళ్లకి సగం మందికే షుగర్ అదుపులో ఉంది. తొమ్మిదేళ్లకి వచ్చేసరికి నలుగురిలో ఒక్కరికి. ఇది రోగి తప్పు కాదండి. టైప్ 2 షుగర్ నడిచే తీరే అంత. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు అలసిపోతాయి. "డాక్టర్ రెండో మందు రాశాడు, అంటే నాకు ముదిరిపోయింది" అని మన పెద్దవాళ్లు భయపడతారు చూడండి, వాళ్లకి ఈ లెక్క చెప్పండి. రెండో మందు రావడం చాలామందికి జరిగేదే.

రెండు మందులు కలపాలి అనే ఆలోచనకి గట్టి ఆధారం ఇదే. షుగర్ పెరగడానికి కారణం ఒకటి కాదు. లివర్ అవసరం లేకపోయినా గ్లూకోజ్ వదులుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినవు, క్లోమం సరిపడా ఇవ్వలేదు. మూడు చోట్ల లీకేజీ ఉంటే ఒక్క చోట ఎం-సీల్ పెట్టి ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు. ఒకే మందు డోసు పెంచుకుంటూ పోతే లాభం కొంచెమే పెరుగుతుంది, సైడ్ ఎఫెక్టులు మాత్రం పెరుగుతాయి. వేర్వేరు చోట్ల పనిచేసే రెండు మందులు తక్కువ డోసులో ఇస్తే రెండు వైపులా లాభం.

మరి కలిపితే అంతా బాగుందా? లేదు. అదే యూకేపీడీఎస్‌లో, సల్ఫొనైల్‌యూరియా వాడుతున్న 537 మందిలో కొందరికి మెట్‌ఫార్మిన్ కలిపారు. కలిపిన గుంపులో షుగర్ సంబంధిత మరణాలు దాదాపు రెట్టింపు కనిపించాయి! విడివిడిగా మంచివి, కలిపితే చెడ్డవా? చాలా చిన్న గుంపు కాబట్టి అది యాదృచ్ఛికం కావచ్చని తర్వాత విశ్లేషించారు, ఈ జోడీ వాడకం ఆగలేదు. నాకైతే ఇక్కడ నా పాత ఉద్యోగం గుర్తొస్తుంది. రెండు మాడ్యూల్స్ విడివిడిగా టెస్ట్ పాసైనంత మాత్రాన కలిపి నడిపితే పాసవుతాయని ఎవరూ సంతకం పెట్టరు. కలిపాక మళ్లీ టెస్ట్ చేయాల్సిందే. మందులకీ అంతే.

మంచి ఆలోచన, తొందరపాటు

1990ల చివర్లో గ్లిటజోన్లు అనే కొత్త జాతి వచ్చింది. ఇవి కండరాలు, కొవ్వు ఇన్సులిన్ మాట వినేలా చేస్తాయి. మొదటిది ట్రోగ్లిటజోన్. 1997లో అమెరికాలో అనుమతి, లివర్ దెబ్బతిని మరణాలు రావడంతో 2000లో వెనక్కి. తర్వాత రోసిగ్లిటజోన్. 2007లో స్టీవెన్ నిస్సెన్ పాత స్టడీలన్నీ కలిపి లెక్కవేసి గుండెపోటు ప్రమాదం పెరుగుతోందని రాశాడు. 2010లో యూరప్ ఆపేసింది, మన దేశం కూడా నిషేధించింది. తర్వాత ఇంకోసారి లెక్కలు చూసి అమెరికా 2013లో ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. అదే ఏడాది జూన్‌లో మన ప్రభుత్వం పియోగ్లిటజోన్ అమ్మకం ఆపింది, జులై ఆఖరుకి హెచ్చరికతో అమ్ముకోవచ్చు అంది. ఒంట్లో నీరు చేరడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అది ముదరడం, మూత్రాశయ క్యాన్సర్ అనుమానం, ఇవీ దాని మీద ఉన్న హెచ్చరికలు.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్‌లో ఈ గ్లిటజోన్ల దారిలోనే కొత్త మందులు కనిపెట్టి, 1997 నుంచి డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు. మన దేశంలో పుట్టిన మందుని విదేశీ కంపెనీ అలా తీసుకోవడం అప్పట్లో పెద్ద వార్త. వాటిలో రాగాగ్లిటజార్ అనేది మనుషుల మీద పరీక్షల్లో చాలా దూరం వెళ్లింది. 2002లో ప్రయోగశాల జంతువుల్లో మూత్రాశయంలో కణితులు కనిపించాయని ఆ పరీక్షలు ఆపేశారు. కంపెనీకి నష్టమే. కానీ ఆ అడ్డుగోడ పనిచేసింది కాబట్టే ఆ మందు ఎవరి ఇంటి డబ్బాలోకీ రాలేదు.

రోసిగ్లిటజోన్ గొడవ తర్వాత 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక షరతు పెట్టింది. కొత్త షుగర్ మందు ఏదొచ్చినా గుండెకి ముప్పు పెంచట్లేదని చూపించాలి. ఆ షరతు వల్ల ఎవరూ ఊహించనిది బయటపడింది. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో ఫాన్ మేరింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు. మన కిడ్నీలు రోజుకి 180 గ్రాముల దాకా గ్లూకోజ్ వడకట్టి మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి. ఆ లాక్కోవడాన్ని కొంత ఆపేవే ఇవాళ్టి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. గుండెకి హాని చేయదని నిరూపించడానికి చేసిన స్టడీలో, 2015లో, ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె మరణాలని 38 శాతం తగ్గించిందని తేలింది. ఆ స్టడీలో ఉన్నవాళ్లంతా అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లు అన్నది గుర్తుంచుకోండి.

అదే 2015లో ఇంకో హెచ్చరిక కూడా వచ్చింది. ఈ మందులు వాడేవాళ్లలో కొందరికి రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోతున్నాయి, అదీ షుగర్ నంబర్ మరీ ఎక్కువ లేకుండానే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటాయి, గ్లూకోమీటర్ చూస్తే 180 చూపిస్తుంది, "షుగర్ బానే ఉందిగా" అని ఇంట్లో పడుకోబెడతారు. అది ప్రమాదం. అందుకే ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఈ మందు ఆపమంటారు.

మన మెడికల్ షాపు

రెండు మందులు ఒకే బిళ్లలో పెట్టడానికి అసలు కారణం మంచిదే. రోజుకి ఆరు బిళ్లలు వేసుకునే మనిషి రెండు మర్చిపోతాడు. మూడే అయితే మర్చిపోవడం తగ్గుతుంది, ఖర్చూ తగ్గొచ్చు. అమెరికాలో గ్లిబెంక్లమైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్లకి 2000లో అనుమతి వచ్చింది, సిటాగ్లిప్టిన్ జోడీకి 2007లో.

మన దగ్గర ఈ జోడీలు వందల పేర్లతో వచ్చేశాయి. 2016 మార్చిలో కేంద్రం ఒకేసారి 344 రకాల మిశ్రమ మందులు నిషేధించింది. కోకాటే కమిటీ వాటిని పరిశీలించి, కలపడానికి వైద్యపరంగా కారణం లేదని చెప్పింది. బీఫార్మసీ వాళ్లకి ఆ పేరు తెలుసు, ఫార్మకాగ్నసీ పుస్తకం మీద చూసుంటారు. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి, డిసెంబర్‌లో నిషేధం కొట్టేశారు. విషయం సుప్రీంకోర్టు దాకా పోయి, మళ్లీ పరిశీలన జరిగి, 2018 సెప్టెంబర్‌లో 328 మిశ్రమాల్ని నిషేధించారు. వాటిలో షుగర్ మిశ్రమాలూ ఉన్నాయి.

ఇది విని "కలిపిన బిళ్లలన్నీ చెడ్డవి" అనుకోకండి. సరిగ్గా పరీక్షించిన జోడీకి మంచి ఆధారాలు ఉన్నాయి. 2019లో వచ్చిన వెరిఫై స్టడీలో కొత్తగా షుగర్ బయటపడిన 2,001 మందిని తీసుకున్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 62.1 శాతం మందికి అయిదేళ్లలో ఆ వైద్యం సరిపోలేదు. మొదటి నుంచే విల్డాగ్లిప్టిన్ కలిపినవాళ్లలో అది 43.6 శాతం. 2022లో వచ్చిన గ్రేడ్ స్టడీలో మెట్‌ఫార్మిన్‌కి నాలుగు రకాల రెండో మందులు కలిపి చూశారు. గ్లిమెపిరైడ్ కలిపినవాళ్లలో షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది 2.2 శాతం మందికి, సిటాగ్లిప్టిన్ కలిపినవాళ్లలో 0.7 శాతం మందికి. జోడీ అంటే అన్నీ ఒకటి కాదు. పక్కన ఏ మందు ఉంది అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది.

ఇంకోటి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో అయిపోయాయి. ధరలు తగ్గాయి, మంచిదే. కానీ ఒకే మందు వందల పేర్లతో అమ్ముడవుతోంది. మా పెద్దమ్మ సంగతే చెప్తా. ఆవిడకి ఒక క్లినిక్‌లో షుగర్‌కి ఒక బిళ్ల రాశారు. మోకాళ్ల నొప్పులని ఇంకో చోటికి వెళితే అక్కడ షుగర్ చూసి ఇంకో బిళ్ల రాశారు. పాత చీటీ ఎవరూ అడగలేదు, ఆవిడా చూపించలేదు. రెండూ వేసుకుంటోంది, కడుపు తిప్పుతోంది, విరేచనాలు. నేను పండక్కి వెళ్లినప్పుడు రెండు స్ట్రిప్పులూ తిప్పి చూస్తే రెండింట్లోనూ మెట్‌ఫార్మిన్ ఉంది, రెండింట్లోనూ గ్లిమెపిరైడ్ ఉంది. రంగు వేరు, పేరు వేరు, లోపల సరుకు ఒకటే. రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాం, ఒకటి ఆపేశారు. నేను చేసిందల్లా చిన్న అక్షరాలు చదవడం.

ఈ చరిత్ర మన ఇంట్లో ఎలా పనికొస్తుంది

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో చెప్పింది. అంటే ఈ వీడియో చూస్తున్న చాలామంది ఇంట్లో ఎవరో ఒకరికి ఉంది. కాబట్టి ఇవి చేయండి.

ఒకటి. ఇంట్లో ఉన్న అన్ని మందుల అసలు పేర్లు, డోసులతో సహా, ఫోన్‌లో ఒక నోట్ రాసి పెట్టుకోండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే డాక్టర్‌కి చూపించండి. పేరు చివర ఎం1, ఎం2 అని ఉంటే సాధారణంగా గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రామా, 2 మిల్లీగ్రాములా అని అర్థం. షాపులో "ఎం1 లేదు, ఎం2 తీసుకోండి" అంటే తీసుకోకండి, అది రెట్టింపు డోసు. ఎస్‌ఆర్, ఈఆర్ అని ఉంటే మందు నెమ్మదిగా వదిలే బిళ్ల, దాన్ని పొడి చేసి ఇవ్వకూడదు.

రెండు. జోడీలో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటిది ఉంటే భోజనం మానకూడదు. శివరాత్రి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా, ముందే డాక్టర్‌తో మాట్లాడి ఆ రోజులకి మందు ఎలా వేసుకోవాలో రాయించుకోండి. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్‌కి వాడే ఫ్లుకొనజోల్ లాంటివి ఈ మందుల బలాన్ని పెంచుతాయి, కాబట్టి వేరే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ నోట్ చూపించండి.

మూడు. ఇది చాలామందికి తెలియదు. మీ వాళ్ల మూడు మందుల బిళ్లలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉందేమో చూడండి. అవి పేగులో చక్కెర విరగకుండా ఆపుతాయి. షుగర్ పడిపోయినప్పుడు మనం అలవాటుగా పంచదార నీళ్లో చాక్లెట్టో ఇస్తాం. ఈ మందు ఉంటే అది వెంటనే పనిచేయదు. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడి ఇవ్వాలి, అది నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఒక ప్యాకెట్ ఇంట్లో పెట్టండి. 15 గ్రాములు నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలు ఆగి మళ్లీ టెస్ట్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. తేరుకున్నా కూడా డాక్టర్‌కి చూపించండి, సల్ఫొనైల్‌యూరియాల వల్ల పడిన షుగర్ కొన్ని గంటలకి మళ్లీ పడొచ్చు.

నాలుగు. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం వచ్చి తిండి, నీళ్లు పోనప్పుడు మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ రెండూ ఇబ్బంది పెట్టొచ్చు. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఏది ఆపాలో అడగండి. డై ఎక్కించే స్కాన్, ఆపరేషన్ ఉన్నా ముందే చెప్పండి. కిడ్నీ టెస్ట్ మానకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, కాళ్లు తిమ్మిర్లుంటే అది కూడా అడగండి.

చివరగా ఒక్కటి. ఇది విని రేపట్నుంచి ఎవరూ సొంతంగా మందు ఆపొద్దు, మార్చొద్దు. 1942లో జాన్‌బాన్‌కి తన చేతిలో ఉన్న మందు ఏం చేస్తుందో తెలీదు. ఆ రోగులకీ తెలీదు. మనకి ఆ పరిస్థితి లేదు. లోపల ఏముందో స్ట్రిప్ మీద రాసి ఉంది, దాని మంచిచెడ్డలు తేల్చడానికి కొన్ని వేల మంది వాళ్ల ఒళ్లు పరీక్షకి పెట్టారు. చదవడమే మన వంతు.

ఇంట్లో ఆ నోట్ రాసేశాక ఏ మందు గురించైనా డౌట్ ఉంటే కామెంట్లో మందు పేరు మాత్రం పెట్టండి, మీ వాళ్ల రిపోర్టులు పెట్టకండి. దాని చరిత్ర నేను చెప్తా, డోసు మాత్రం మీ డాక్టర్ చెప్తారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.